చివరి రీలులో ఎవరు చావాలి? రెడ్ వింగ్ సినిమా జీవితం

సినిమా చరిత్ర రాసేవాళ్లకు ‘తొలి’ అనే మాట అంటే మోజు. తొలి మూకీ, తొలి టాకీ, తొలి కథానాయిక. ఆ జాబితాలో ఏ మూలనో ఒక ఆదివాసీ పేరు కనిపిస్తే మనకూ సంతోషమే. కానీ ఆ పేరు పక్కన ‘తొలి’ అని రాసి చేతులు దులుపుకుంటే సరిపోదు. ఆమె చేత ఏ వేషం వేయించారు, ఆ వేషానికి చివర్లో ఏ గతి పట్టించారు, ఆ కథ ఎవరికి పనికొచ్చింది అని కూడా అడగాలి. ఈ వ్యాసంలో మేము చేయదలచుకున్న పని అదే.

మేము చెప్పబోయేది లిలియన్ సెయింట్ సిర్ గురించి. తెర మీద ఆమె పేరు రెడ్ వింగ్, అంటే ఎర్ర రెక్క. హాలీవుడ్‌లో తయారైన మొదటి పూర్తి నిడివి చిత్రంగా చెప్పుకునే ‘ది స్క్వా మ్యాన్’ (1914)లో కథానాయిక ఆమే. లోకమంతా చూసే ఆ సినిమా ఊరు పురుడు పోసుకున్ననాడు కెమెరా ముందు ఒక ఆదివాసీ స్త్రీ నిలబడి ఉంది. ఈ సంగతి మన పిల్లలకే కాదు, సినిమాల గురించి గంటల తరబడి మాట్లాడే మన పట్నం మిత్రులకు కూడా పెద్దగా తెలియదు.

ఒక మాట ముందే చెప్పుకుందాం. మన పాఠ్యపుస్తకాలు చాలాకాలం వాళ్లను రెడ్ ఇండియన్లు అన్నాయి. దారి తప్పి వచ్చిన కొలంబస్ వల్ల పడ్డ పేరు అది. మేము వాళ్లను అమెరికా ఆదివాసీలు అంటాం. వాళ్లలోనూ మనలాగే ఎన్నో తెగలు, ఎన్నో భాషలు, ఎన్నో పండుగలు.

ఊరు, బడి

లిలియన్ పుట్టిన తెగ పేరు హోచంక్. బయటివాళ్లు పెట్టిన పేరు విన్నెబాగో. వాళ్ల సొంత నేల విస్కాన్సిన్ ప్రాంతంలోని అడవులు, సరస్సులు. పంతొమ్మిదో శతాబ్దంలో అమెరికా ప్రభుత్వం ఒప్పందాల పేరుతో వాళ్లను అయోవాకు, అక్కడి నుంచి మిన్నెసోటాకు, 1863లో డకోటా ప్రాంతంలోని ఎండు నేలల్లోకి తరలించింది. అక్కడ ఆకలికి, జబ్బులకు చాలామంది పోయారు. మిగిలినవాళ్లు మిస్సోరీ నది వెంట దిగువకు వచ్చి నెబ్రాస్కాలో ఒమాహా తెగ దగ్గర తలదాచుకున్నారు. 1865లో ఒమాహాల భూమిలోనే కొంత కొని, దానికి విన్నెబాగో రిజర్వేషన్ అని పేరు పెట్టారు. పోలవరం ముంపు మండలాల నుంచి లేచి వచ్చిన మన కోయ, కొండరెడ్డి కుటుంబాలకు ఈ వరస విడమరిచి చెప్పక్కర్లేదు.

ఆ రిజర్వేషన్‌లో 1884లో లిలియన్ పుట్టింది. చదువు కోసం మొదట ఫిలడెల్ఫియాలోని లింకన్ ఇన్‌స్టిట్యూషన్‌కు, ఆ తర్వాత పెన్సిల్వేనియాలోనే ఉన్న కార్లైల్ ఇండియన్ పారిశ్రామిక పాఠశాలకు వెళ్లింది. 1902లో అక్కడ చదువు ముగించింది.

కార్లైల్ గురించి టీచర్లమైన మనం తప్పకుండా తెలుసుకోవాలి. 1879లో రిచర్డ్ హెన్రీ ప్రాట్ అనే సైనికాధికారి పాత సైనిక నివాసాల్లో ఆ బడి పెట్టాడు. పిల్లలోని ఇండియన్‌ను చంపేస్తే మనిషి మిగులుతాడన్నది ఆయన సిద్ధాంతం. బడికి రాగానే జుట్టు కత్తిరించేవారు. పేరు మార్చేవారు. ఇంటి భాష మాట్లాడితే శిక్ష. వచ్చిన రోజు ఒక ఫొటో, కొన్నాళ్ల తర్వాత కోటు తొడిగి ఇంకో ఫొటో తీసి, రెండూ పక్కపక్కన పెట్టి బడి గొప్పతనం చాటుకునేవారు. సెలవుల్లో కూడా పిల్లలను ఇళ్లకు పంపకుండా తెల్లవాళ్ల ఇళ్లల్లో, పొలాల్లో పనికి పెట్టేవారు. ఆడపిల్లలకు వంట, బట్టలు, ఇల్లు ఊడవడం. ఈ బడి 1918లో మూతపడింది. ఇలాంటి బడుల వల్ల జరిగిన అన్యాయానికి 2024 అక్టోబరులో అధ్యక్షుడు జో బైడెన్ ప్రభుత్వం తరఫున క్షమాపణ చెప్పాడు. అప్పటికి ఆ పిల్లల మనవలు కూడా ముసలివాళ్లయ్యారు.

కార్లైల్‌నూ మన ఆశ్రమ పాఠశాలలనూ ఒకే గాటన కట్టడం మా ఉద్దేశం కాదు. మాలో చాలామందికి అక్షరం దొరికింది, అన్నం దొరికింది, ఈ ఉద్యోగం దొరికింది ఆ బడుల వల్లే. అయినా బడిలో చేరిన రోజే గుండు కొట్టించుకున్నవాళ్లం, పలకడం రాలేదని రిజిస్టరులో వేరే పేరు రాయించుకున్నవాళ్లం, ఇంటి భాష నోట్లోనే మింగి తెలుగులో తడబడ్డవాళ్లం మా తరంలో చాలామందిమి ఉన్నాం. అందుకే లిలియన్ చదువు కథ మాకు దూరదేశపు కథలా అనిపించదు.

బడి విప్పించిన బట్ట, సినిమా తొడిగిన బట్ట

చదువు ముగిశాక ఆమెకు దొరికిన పని వాషింగ్టన్‌లో ఒక సెనేటర్ ఇంట్లో ఇంటిపని. కార్లైల్ నేర్పింది కూడా ఆ పనే కదా. 1906లో ఆమె జేమ్స్ యంగ్ జాన్సన్‌ను పెళ్లి చేసుకుంది. ఆయన తర్వాత యంగ్ డీర్ పేరుతో నటుడు, దర్శకుడు అయ్యాడు. ఆయనా తాను విన్నెబాగోనని చెప్పుకునేవాడు. ఆయన మూలాలు డెలావేర్ ప్రాంతపు నాంటికోక్ ప్రజలవని, ఆ కుటుంబంలో తెల్ల, నల్ల రక్తాలు కూడా కలిశాయని ఈమధ్య పరిశోధకులు తేల్చారు. ఈ సంగతి మీద పెద్ద రభస చేయనక్కర్లేదు. నల్లవాడిగా కన్నా ‘ఇండియన్’గా బతకడమే కాస్త నయమైన దేశంలో ఒక మనిషి ఎంచుకున్న దారి అది.

ఇద్దరూ ఊరూరా తిరిగి ‘వైల్డ్ వెస్ట్’ ప్రదర్శనల్లో ఆడారు. 1908 ప్రాంతంలో సినిమాల్లోకి వచ్చారు. 1890లో వుండెడ్ నీ దగ్గర లకోటా ప్రజలను సైన్యం కాల్చి చంపింది. అది జరిగి ఇరవై ఏళ్లు కూడా గడవకముందే ‘ఇండియన్ పిక్చర్లు’ పట్నాల్లో కాలక్షేపం అయిపోయాయి. నిజం మనుషులను రిజర్వేషన్లలో కట్టేసి, వాళ్ల బొమ్మను టిక్కెట్టు పెట్టి చూపించారు. కేలం, ల్యూబిన్, వైటాగ్రాఫ్, బైసన్ వంటి కంపెనీలకు అలాంటి చిన్న చిత్రాలు కావాలి. వాటికి ‘అసలు ఇండియన్లు’ కావాలి. 1909 చివర్లో బైసన్ బృందంతో ఈ దంపతులు లాస్ ఏంజెలిస్ చేరారు. కొద్దికాలానికే యంగ్ డీర్ పాథే కంపెనీకి ఆ ప్రాంతంలో చిత్రాలు తీసే బాధ్యత చేపట్టాడు.

ఇక్కడ ఒక్క క్షణం ఆగి చూడాలి. కార్లైల్ ఆమె ఒంటి మీది ఆదివాసీ బట్ట విప్పించింది. సినిమా దాన్ని మళ్లీ తొడిగించింది. అయితే తొడిగించింది ఆమె తల్లి కుట్టిన బట్ట కాదు, కంపెనీవాళ్ల పెట్టెలోది. పోస్టర్ల మీద పేరు ముందు ‘ప్రిన్సెస్’ అని తగిలించారు. యువరాణి అన్నది యూరపు రాజుల లెక్క, హోచంక్ లెక్క కాదు. ఈ హోచంక్ స్త్రీ చేత ‘స్క్వా మ్యాన్’లో యూట్ తెగ పిల్ల వేషం వేయించారు. రెండు తెగలకూ భాష వేరు, నేల వేరు, అలవాట్లు వేరు. చూసేవాళ్లకు అదేమీ పట్టలేదు. మన సినిమాల్లో సవర, గోండు, చెంచు, కోయ తేడా లేకుండా అందరికీ అవే ఈకలు, అవే ఆకులు, అదే అర్థం లేని అరుపు పెట్టినట్టే అక్కడా.

ఒకే కథ, రెండు ముగింపులు

రెడ్ వింగ్ జీవితాన్ని అర్థం చేసుకోవాలంటే రెండు సినిమాలను పక్కపక్కన పెట్టి చూడాలి.

మొదటిది ‘వైట్ ఫాన్స్ డివోషన్’. 1910లో యంగ్ డీర్ పాథే కోసం తీసిన ఒక రీలు చిత్రం. అదృష్టం కొద్దీ ఇప్పటికీ మిగిలి ఉంది. 2008లో అమెరికా జాతీయ చలనచిత్ర భాండాగారం జాబితాలో చేర్చారు. కథ చిన్నది. ఒక తెల్లవాడు, అతని ఆదివాసీ భార్య వైట్ ఫాన్, వాళ్లకొక బిడ్డ. అతనికి పెద్ద ఆస్తి కలిసివచ్చిందని కబురు వస్తుంది. వెళితే ఇక తిరిగి రాడని భయపడి ఆమె కత్తితో పొడుచుకుంటుంది. కత్తి పట్టుకుని ఉన్న తండ్రిని చూసి, తండ్రే చంపాడని బిడ్డ అనుకుంటుంది. తెగవాళ్లు అతన్ని తరిమి పట్టుకుంటారు. శిక్ష పడబోయే సమయానికి వైట్ ఫాన్ వస్తుంది. ఆమె చావలేదు. కుటుంబం మళ్లీ ఒకటవుతుంది.

రెండోది ‘స్క్వా మ్యాన్’. ఎడ్విన్ మిల్టన్ రాయల్ 1905లో రాసిన నాటకం దీనికి మూలం. తీసింది సెసిల్ బి. డిమిల్, ఆస్కార్ ఆప్ఫెల్. తర్వాత ‘టెన్ కమాండ్‌మెంట్స్’ తీసి మన ఊళ్ల వరకూ తెలిసిన డిమిల్‌కు ఇది మొదటి సినిమా. హాలీవుడ్‌లో ఒక కొట్టాన్ని అద్దెకు తీసుకుని స్టూడియోగా వాడుకున్నారు. కథలో జేమ్స్ అనే ఇంగ్లీషు దొర, అనాథల నిధి కాజేసిన తన దాయాది నేరం నెత్తిన వేసుకుని అమెరికా పారిపోయి వస్తాడు. యూట్ పెద్ద కూతురు నాటురిచ్ అతని ప్రాణం తీయబోయిన దుర్మార్గుణ్ని కాల్చి చంపుతుంది. కొండల్లో ప్రమాదంలో పడ్డ అతన్ని వెతికి మోసుకొచ్చి బతికిస్తుంది. వాళ్లకు కొడుకు పుడతాడు. అంతలో దాయాది చనిపోతూ నిజం ఒప్పుకుంటాడు. దొరగారి పేరు కడిగిన ముత్యమవుతుంది. ఆ కబురు పట్టుకుని దాయాది భార్య డయానా వస్తుంది. మరో పక్క పాత హత్యకు ఆధారం దొరికి షెరీఫ్ నాటురిచ్ కోసం వస్తాడు. బిడ్డను పంపించేస్తారు. నాటురిచ్ తన ప్రాణం తానే తీసుకుంటుంది. చివరి దృశ్యంలో తండ్రీ భర్తా ఆమె శవాన్ని పట్టుకుని ఉంటారు.

రెండు కథల్లోనూ అదే సరుకు. తెల్ల భర్త, ఆదివాసీ భార్య, బిడ్డ, సముద్రం అవతలి నుంచి వచ్చిన ఆస్తి కబురు, ఆమె తన మీద తానే ఎత్తుకున్న ఆయుధం. తేడా ఒక్క ముగింపులోనే. ఆదివాసీ మూలాలున్నవాడు తీసిన కథలో ఆమె బతికింది. బ్రాడ్వే నాటకం నుంచి వచ్చిన కథలో ఆమె చచ్చిపోయింది.

ఎందుకు చావాలి? నాటురిచ్ బతికి ఉంటే జేమ్స్ దొరతనం ఎలా చేపడతాడు? ఆ బంగళాలో బల్ల దగ్గర ఆమెను ఎక్కడ కూర్చోబెడతారు? ఆమె చస్తే అన్ని ముళ్లూ విడిపోతాయి. బిడ్డ వారసుడు అవుతాడు. దొరకు దారి తెరుచుకుంటుంది. చూసేవాళ్లు కన్నీళ్లు పెట్టుకుని, మంచి మనసున్నవాళ్లమన్న తృప్తితో ఇంటికి పోతారు. ఇందులో దొర తప్పేమీ కనిపించదు. భర్త మంచివాడు, డయానా మంచిది, షెరీఫ్ తన పని తాను చేశాడు. ఎవరి తప్పూ లేకుండా ఒక ఆదివాసీ స్త్రీ చచ్చిపోయింది! ఈ కథ చేసే కనికట్టు అదే. అడవి పోయింది, భూమి పోయింది, ఎవరూ తీసుకోలేదు, దానంతట అదే పోయింది అని నమ్మించే కథలన్నీ దీనికి తోబుట్టువులే.

పేరు సంగతి చూడండి. ‘స్క్వా’ అన్నది ఆదివాసీ స్త్రీని తక్కువ చేసి పిలిచే మాట. ఆమెతో కాపురం చేసిన తెల్లవాణ్ని ‘స్క్వా మ్యాన్’ అని వెక్కిరించేవారు. సినిమా పేరులో ఆమె భర్తకు అంటిన మచ్చగా మాత్రమే ఉంది. 2022లో అమెరికా ప్రభుత్వం తన భూముల్లోని దాదాపు 650 కొండలు, వాగులు, లోయల పేర్ల నుంచి ఆ మాటను తీసేసింది. ఆ పని చేయించిన మంత్రి డెబ్ హాలండ్ లగునా ప్యూబ్లో తెగ స్త్రీ. అక్కడి కేంద్ర మంత్రివర్గంలో చేరిన మొదటి ఆదివాసీ ఆమె.

బిడ్డను పంపించేసే ఘట్టం మమ్మల్ని ఎక్కువగా కలచివేసింది. తెర మీద ఆ తల్లి వేషం వేసిన స్త్రీ తానే చిన్ననాడు ఇల్లు వదిలి రైలెక్కి దూరపు బడికి పోయిన పిల్ల. కథలో బిడ్డ మేలు కోసమే పంపుతున్నామంటారు. కార్లైల్ కూడా ఆ మాటే చెప్పింది. రాసినవాళ్లకు ఈ పోలిక తట్టి ఉండదు. ఆమెకు తట్టకుండా ఉంటుందా? ఆ రోజుల మూకీల్లో చేతులు విసరడం, కళ్లు తిప్పడం మామూలు. రెడ్ వింగ్ నటన అలా ఉండదు. నిలబడి చూస్తుంది. ఆమె మాటలు తెర మీద అక్షరాలుగా వేరేవాళ్లు రాశారు. ఆ చూపు మాత్రం ఆమె సొంతం.

వేషం కూడా చేజారింది

‘స్క్వా మ్యాన్’ బాగా ఆడింది. తీసిన కంపెనీ పెరిగి తర్వాత పారామౌంట్‌లో భాగమైంది. డిమిల్ మహాదర్శకుడు అయ్యాడు. 1918లో ఆయనే ఆ సినిమాను మళ్లీ తీశాడు. నాటురిచ్ వేషం తెల్ల నటి ఆన్ లిటిల్‌కు ఇచ్చాడు. 1931లో టాకీగా మూడోసారి తీశాడు. ఈసారి మెక్సికో నటి లూపే వెలెజ్. కథ నిలిచింది, దర్శకుడు నిలిచాడు, పాత్ర నిలిచింది. ఆదివాసీ నటి మాత్రం నాలుగేళ్లలోనే అక్కర్లేకపోయింది. చచ్చే వేషం కూడా మనకు మిగలలేదు.

1914లోనే టామ్ మిక్స్ సరసన ‘ఇన్ ది డేస్ ఆఫ్ ది థండరింగ్ హెర్డ్’లో నటించింది. 1916 నాటి ‘రమోనా’లో రమోనా తల్లి వేషం వేసింది. ఆ కథలోనూ ఆదివాసీ తల్లికి పుట్టిన బిడ్డ వేరేవాళ్ల ఇంట పెరుగుతుంది. రెండేళ్ల తేడాతో రెండుసార్లు అదే తల్లి! తర్వాత వేషాలు తగ్గాయి. భర్తతో కాపురం అప్పటికే విడిపోయింది. 1920లలో ఆమె హాలీవుడ్ వదిలేసింది. ఈ సినిమాలన్నీ చేసినప్పుడు ఆమె తెగవాళ్లలో ఎందరికో సొంత దేశంలో పౌరసత్వమే లేదు. ఆదివాసీలందరికీ పౌరసత్వం ఇచ్చే చట్టం 1924లో గాని రాలేదు.

మన దేశపు మూకీ రోజుల్లోనూ ఒక స్త్రీ ఉంది. మలయాళంలో తొలి చిత్రం ‘విగతకుమారన్’లో నటించిన పి.కె. రోజీ. దళిత స్త్రీ తెర మీద నాయర్ స్త్రీగా కనిపించిందని అగ్రకులాలవాళ్లు ఆమె మీద పడ్డారు. ఆమె ఊరు వదిలి పారిపోవాల్సి వచ్చింది. రోజీని ఇతరుల వేషం వేసినందుకు తరిమారు. రెడ్ వింగ్‌కు తన జాతి వేషం తప్ప ఇంకేదీ ఇవ్వలేదు, చివరికి అదీ లాక్కున్నారు. రెండు చోట్లా ఎవరు ఎవరిగా కనిపించాలో తేల్చేది తెర వెనక ఉన్నవాళ్లే.

నూరేళ్లు దాటాక మన తెర సంగతి ఏమిటి? ‘ఆర్ఆర్ఆర్’ (2022)లో కొమురం భీం వేషం ఎన్టీఆర్ వేశాడు. బాగా నటించాడు, కాదనం. అది కల్పిత కథ అని తీసినవాళ్లే చెప్పారు, అదీ సరే. కానీ కల్పన ఎటు నడిచిందో చూడాలి కదా. అన్నీ గెలిచాక చివర్లో భీం రామరాజును అడిగేది చదువు. నిజాంతో పోరాడి 1940లో జోడేఘాట్‌లో నేలకొరిగిన మనిషికి మన నుంచి ఇంకొకరు నేర్చుకోవలసింది ఏమీ లేదా? నేర్పేవాడు ఎప్పుడూ బయటివాడే, నేర్చుకునేవాడు ఎప్పుడూ అడవివాడేనా? ఆదివాసీ తెర మీద చచ్చిపోవడం తగ్గింది. పలక పట్టుకుని నిలబడటం ఇంకా తగ్గలేదు.

మిగిలిన యాభై ఏళ్లు

రెడ్ వింగ్ గురించి రాసినవాళ్లు చాలామంది ఆమె కథను 1920లతో ఆపేస్తారు. సినిమా చరిత్రకు సినిమా ఆగిన చోట మనిషి కూడా ఆగిపోతుంది. ఆమె మాత్రం 1974 మార్చి 13 వరకు, తొంభై ఏళ్లు బతికింది. న్యూయార్క్‌లో ఉంటూ ఆదివాసీ వేషభూషలు తన చేతులతో కుట్టింది. బడులకు వెళ్లి పిల్లలకు తన వాళ్ల గురించి చెప్పింది. చనిపోయాక ఆమెను తీసుకువెళ్లి నెబ్రాస్కాలో, పుట్టిన విన్నెబాగో నేలలో పూడ్చారు. 2019లో లిండా వాగనర్ రాసిన జీవిత చరిత్ర వచ్చాకే ఈ కథంతా ఒకచోట చేరింది.

ఆమె అమ్ముడుపోయిందని అనేవాళ్లుంటారు. అప్పుడు ఆమె ముందున్న దారులు ఏమిటో వాళ్లు చెప్పాలి. తెల్లవాళ్ల ఇంట్లో అంట్లు తోమడం, లేదంటే రిజర్వేషన్‌లో రేషను కోసం నిలబడటం. ఆమె మూడో దారి వెతుక్కుంది. ఆ దారిలో దొరికిన డబ్బు, పేరు ఆమె చెమటవే. చావు మాత్రం ఆమె రాసుకున్నది కాదు. నటిని నిందించి రచయితను వదిలేసే విమర్శ మనకు వద్దు.

మా లెక్కలో ఆమె గొప్పతనం ఆ రెండో సగంలోనే ఉంది. బట్ట విప్పించిన బడిని, వేరే బట్ట తొడిగించిన సినిమాను చూసిన మనిషి, తన బట్ట తానే కుట్టుకుని బడి పిల్లల ముందు నిలబడింది. ఈసారి మూకీ లేదు. మధ్యలో వేరేవాళ్లు రాసిన అక్షరాలు లేవు. తన నోటితో తాను చెప్పింది. కార్లైల్ నోరు మూయించాలని చూసిన పిల్ల ముసలితనంలో తానే టీచరయింది.

టీచర్లకు ఒక సూచనతో ముగిస్తాం. ‘వైట్ ఫాన్స్ డివోషన్’ పావుగంట కూడా పట్టని సినిమా. మాటలు లేవు కాబట్టి ఏ భాష పిల్లలైనా చూడగలరు. బడిలో టీవీ ఉంటే దాని మీద, లేకపోతే ఫోనులో చూపించండి. వైట్ ఫాన్ కత్తి ఎత్తిన చోట ఆపండి. తర్వాత ఏం జరగాలో చెప్పమని పిల్లలను అడగండి. గోండిలో చెప్పినా, కోయలో చెప్పినా, సవరలో చెప్పినా మధ్యలో తెలుగులోకి మార్చమని తొందర పెట్టకండి. వాళ్లు చెప్పిన ముగింపులను రాసి పెట్టండి. మన సినిమాలు, మన కథలు అక్కడి నుంచే మొదలవ్వాలి.